విదేశీ చదువుకు ఏ ఇంగ్లీషు పరీక్ష రాయాలి? విశాఖ విద్యార్థులకు సమగ్ర మార్గదర్శి

విశాఖపట్నంలో విదేశీ చదువు అనే మాట ఎత్తగానే ఎవరైనా ముందు ద్వారకా నగర్ దారే చూపిస్తారు. ఆ వీధుల్లో ఒక మేడ మీద ఐఈఎల్‌టీఎస్, పక్క మేడ మీద పీటీఈ, ఎదురుగా జీఆర్ఈ అనే ప్రవేశ పరీక్షతో కలిపి టోఫెల్ అంటూ ఇంగ్లీషు పరీక్షల కోచింగు బోర్డులు కనిపిస్తాయి. ఏ మేడ మెట్లెక్కితే ఆ మేడలో చెప్పే పరీక్షే మీకు సరైనదని తేలుతుంది. అక్కడివారు అబద్ధం చెబుతారని అనడం లేదు గానీ, తాము చెప్పగలిగిన పాఠాన్ని అమ్ముకోవడం ఏ వ్యాపారంలోనైనా సహజమే. కాబట్టి కోచింగులో చేరి ఆ తరువాత పరీక్షను, ఆ పరీక్షను బట్టి దేశాన్ని ఎంచుకునే అలవాటును తిరగవేసి, ముందు దేశం, తరువాత కోర్సు, అన్నిటికంటే చివర పరీక్ష అనే వరుసలో ఎలా నడవాలో ఈ వ్యాసంలో వివరిస్తాను.

మొదటి పని: స్కోరును ఎవరెవరు అడుగుతారో రాసుకోవడం

విశ్వవిద్యాలయం అడిగేదే స్కోరు అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఒకే విద్యార్థిని మూడు వేర్వేరు చోట్ల ఇంగ్లీషు గురించి అడిగే అవకాశం ఉంది: ప్రవేశం ఇచ్చేటప్పుడు విశ్వవిద్యాలయం అడుగుతుంది, వీసా ఇచ్చేటప్పుడు ఆ దేశపు ప్రభుత్వం అడగవచ్చు, చదువు పూర్తయి అక్కడే ఉద్యోగం చేసుకోవడానికి అనుమతి కోరినప్పుడు మళ్లీ ప్రభుత్వమే అడగవచ్చు. ఈ ముగ్గురూ ఒకే పరీక్షను ఒప్పుకుంటారన్న హామీ ఎక్కడా లేదు.

అందుచేత మీరు దరఖాస్తు చేయదలచిన అయిదారు కోర్సులకు ఒక్కొక్క పేజీ కేటాయించి, కోర్సు పేరు, ఒప్పుకునే పరీక్షలు, మొత్తం స్కోరు, ఒక్కొక్క విభాగంలో కనీస స్కోరు, గడువు తేదీ అన్నీ ఆ విశ్వవిద్యాలయపు సొంత వెబ్‌సైటు చూసి రాసుకోండి. విశ్వవిద్యాలయం మొత్తానికి ఒక నియమం ఉండి, మీరు చేరబోయే విభాగానికి అంతకంటే కఠినమైన నియమం ఉండటం తరచుగా జరిగేదే. ఇంజినీరింగుకు ఐఈఎల్‌టీఎస్‌లో 9కి 6.5 చాలునన్న చోటే న్యాయశాస్త్రానికో, నర్సింగుకో, ఉపాధ్యాయ శిక్షణకో 7 గానీ అంతకంటే ఎక్కువ గానీ అడుగుతారు. కన్సల్టెన్సీ ఇచ్చిన కాగితాన్ని సరిచూసుకోవడానికి వాడుకోవచ్చు గానీ, దాన్నే ఆధారంగా చేసుకోకూడదు. అది ఏ సంవత్సరంలో తయారైందో ఆ కాగితం మీద ఉండదు.

రెండవ పని: దేశాన్ని బట్టి వడపోత

అమెరికా విషయంలో లెక్క తేలిక. ఎఫ్-1 విద్యార్థి వీసాకు ప్రభుత్వం ఫలానా పరీక్షలో ఫలానా స్కోరు ఉండాలని నిర్ణయించలేదు. విశ్వవిద్యాలయం తృప్తిపడి ఐ-20 అనే ప్రవేశ ధ్రువపత్రం పంపితే, హైదరాబాదు కాన్సులేటులో అధికారి అడిగే ప్రశ్నలకు మీరు ఇంగ్లీషులో తడబడకుండా జవాబు చెప్పడమే అసలు పరీక్ష అవుతుంది. టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ దాదాపు అన్నిచోట్లా చెల్లుతాయి. డ్యుయోలింగో, పీటీఈలను కూడా చాలా విశ్వవిద్యాలయాలు ఒప్పుకుంటాయి. అయితే టీచింగ్ అసిస్టెంట్‌షిప్ మీద ఆశ పెట్టుకున్నవారు ఒక సంగతి గమనించాలి. తరగతిలో పాఠం చెప్పవలసిన పని కాబట్టి మాట్లాడే విభాగంలో ప్రవేశానికి అడిగేదానికంటే ఎక్కువ స్కోరు అడుగుతారు, కొన్ని విభాగాలు దానికి ఒకటి రెండు పరీక్షలను మాత్రమే లెక్కలోకి తీసుకుంటాయి.

బ్రిటన్ లెక్క కొంచెం మెలికలు తిరుగుతుంది. డిగ్రీ గానీ అంతకంటే పై చదువు గానీ అయితే యూరోపియన్ భాషా కొలమానంలో బీ2 స్థాయి, అంటే మధ్యస్థానికి కాస్త పైస్థాయి ఇంగ్లీషు కావాలి. అయితే ఆ స్థాయి మీకు ఉందో లేదో తేల్చుకునే అధికారం ఉన్నత విద్యాసంస్థలకే ఇచ్చారు కాబట్టి, చాలామందికి మామూలు ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ సరిపోతుంది. ఫౌండేషన్, పాత్‌వే లాంటి డిగ్రీకి దిగువ కోర్సులో చేరేవారు మాత్రం వీసాల వ్యవహారం చూసే హోం ఆఫీసు ఆమోదించిన భద్రతా పరీక్షనే, అంటే ఐఈఎల్‌టీఎస్ ఫర్ యూకేవీఐ (యూకేవీఐ అంటే బ్రిటన్ వీసా విభాగం), పీటీఈ అకడమిక్ యూకేవీఐ లాంటివాటిలో ఒకదాన్ని రాయాలి. మామూలు ఐఈఎల్‌టీఎస్‌కూ యూకేవీఐ ఐఈఎల్‌టీఎస్‌కూ ప్రశ్నల తీరులో తేడా లేదు, కేంద్రంలో భద్రతా ఏర్పాట్లలోనూ చేతికొచ్చే పత్రంలోనూ ఉంది. రుసుము కూడా ఎక్కువే. అవసరం లేనివారు భయం కొద్దీ ఆ ఎక్కువ డబ్బు కట్టడం, అవసరమున్నవారు తెలియక మామూలు పరీక్ష రాసి కూర్చోవడం, రెండూ మన ఊళ్లో కనిపించేవే. ఆఫర్ లెటర్‌లో ఏ పరీక్ష పేరు రాశారో అక్షరం అక్షరం చదివితే ఈ గందరగోళం ఉండదు. టోఫెల్‌ను 2014 నుంచి బ్రిటిష్ వీసా కోసం భద్రతా పరీక్షగా పరిగణించడం లేదు. విశ్వవిద్యాలయం తన సొంత అధికారంతో ఒప్పుకుంటే మాత్రం డిగ్రీ స్థాయిలో అది పనికొస్తుంది. అక్కడ ఇంగ్లీషులో చదివి తెచ్చుకున్న డిగ్రీయే తరువాత ఉద్యోగ వీసాకు భాషా ఆధారంగా చెల్లుతుంది కాబట్టి, మూడో చోట అడుగుతారన్న బెంగ బ్రిటన్‌లో లేదు.

ఆస్ట్రేలియా వెళ్లేవారు ఇంటి దగ్గర కూర్చుని రాసే పరీక్షల మీద ఆశ వదులుకోవాలి. డ్యుయోలింగో గానీ, టోఫెల్ హోం ఎడిషన్ గానీ, ఐఈఎల్‌టీఎస్ ఆన్‌లైన్ గానీ అక్కడి వీసాకు చెల్లవు. 2024 మార్చి 23 నుంచి విద్యార్థి వీసాకు కావలసిన కనీస స్కోరును ఐఈఎల్‌టీఎస్ లెక్కలో 5.5 నుంచి 6.0కు పెంచారు, చదువు తరువాత తీసుకునే గ్రాడ్యుయేట్ వీసాకు 6.0 నుంచి 6.5కు పెంచారు. టోఫెల్‌ను కొంతకాలం పక్కన పెట్టి 2024 మే 5 నుంచి జరిగే పరీక్షలకు మళ్లీ అనుమతించారు. ఆపైన 2025 ఆగస్టు 7న ఒప్పుకునే పరీక్షల జాబితాను పెంచి, ఏ పరీక్షలో ఎంత స్కోరు దేనికి సమానమో తెలిపే పట్టికనే మార్చేశారు. అందుచేత సీనియర్లు వాట్సాప్‌లో పంపే పాత సమాన స్కోర్ల పట్టికలను నమ్ముకుని పీటీఈ లక్ష్యం పెట్టుకోవద్దు.

కెనడా గురించి ద్వారకా నగర్‌లో ఇప్పటికీ వినిపించే మాట ‘అన్నిట్లో ఆరు ఉంటే చాలు’ అన్నది. అది స్టూడెంట్ డైరెక్ట్ స్ట్రీం అనే వేగవంతమైన వీసా పద్ధతి నాటి నియమం. ఆ పద్ధతిని 2024 నవంబరు 8న మూసేశారు. ఇప్పుడు ప్రధానంగా చూడవలసింది కళాశాల అడిగే స్కోరు. ఇక్కడే చాలామంది చూడని మూడో లెక్క ఒకటుంది. 2024 నవంబరు 1 నుంచి చదువు తరువాతి పని అనుమతికి కూడా భాషా ఫలితం చూపించాలి: విశ్వవిద్యాలయంలో డిగ్రీ చేసినవారికి కెనడా భాషా ప్రమాణంలో 7వ స్థాయి, కళాశాలల్లో డిప్లొమా లాంటి కోర్సులు చేసినవారికి 5వ స్థాయి కావాలి. దానికి చెల్లేవి ఐఈఎల్‌టీఎస్ జనరల్ ట్రైనింగ్, సెల్పిప్ జనరల్, పీటీఈ కోర్. ప్రవేశానికి ఇక్కడ రాసే ఐఈఎల్‌టీఎస్ అకడమిక్, పీటీఈ అకడమిక్ అక్కడ చెల్లవు. కాబట్టి కెనడా ఖర్చు లెక్కవేసేటప్పుడు రెండో పరీక్ష రుసుమును కూడా ఇప్పుడే కలుపుకోవడం మంచిది.

జర్మనీలో ఇంగ్లీషు మాధ్యమపు ఎం.ఎస్. కోర్సులకు ఏ పరీక్ష, ఎంత స్కోరు అన్నది విశ్వవిద్యాలయమే నిర్ణయిస్తుంది. భారతీయ విద్యార్థులకు అక్కడ, చదువు పత్రాలను సరిచూసి ఇచ్చే ఏపీఎస్ ధ్రువపత్రం తప్పనిసరి. దానికి పట్టే సమయం ముందు ఇంగ్లీషు పరీక్ష తేదీ చిన్న విషయం.

మూడవ పని: పరీక్ష లేకుండానే గడుస్తుందేమో చూసుకోవడం

డిగ్రీ అంతా ఇంగ్లీషు మాధ్యమంలో చదివినట్టు ఆంధ్ర విశ్వవిద్యాలయం, గీతం, గాయత్రీ విద్యా పరిషత్ లాంటి మీ విద్యాసంస్థ ఇచ్చే మాధ్యమ ధ్రువపత్రాన్ని కొన్ని విశ్వవిద్యాలయాలు ఒప్పుకుంటాయి. బ్రిటన్‌లో కొన్ని సంస్థలు పన్నెండో తరగతి ఇంగ్లీషు మార్కులను చూస్తాయి. సీబీఎస్‌ఈకి ఒక అంకె, రాష్ట్ర ఇంటర్మీడియట్ బోర్డులకు మరో అంకె పెట్టి, కొన్ని బోర్డులను అసలు లెక్కలోకి తీసుకోకుండా ఉండటమూ ఉంది. ఈ మినహాయింపు దొరికితే సంతోషమే. అయితే మినహాయింపు ఇచ్చే విశ్వవిద్యాలయాలకే మీ ఎంపిక కుదించుకుపోకుండా చూసుకోవాలి. పరీక్ష రుసుము మిగుల్చుకోవడానికి రెండేళ్ల చదువును, పాతిక ముప్పై లక్షల అప్పును ఒక నాసిరకం కోర్సుకు ముడిపెట్టడం ఎంతమాత్రం లాభసాటి కాదు.

నాలుగవ పని: మిగిలిన పరీక్షల స్వభావం తెలుసుకోవడం

ఇంతవరకు వడపోసిన తరువాత చాలామందికి ఒకటో రెండో పరీక్షలే మిగులుతాయి. ఆ రెండింటిలో ఏది మీ తీరుకు నప్పుతుందన్నది ఇప్పుడు వచ్చే ప్రశ్న.

ఐఈఎల్‌టీఎస్ అకడమిక్‌లో వినడం సుమారు 30 నిమిషాలు, చదవడం 60 నిమిషాలు, రాయడం 60 నిమిషాలు. మొదటి రెండింటిలో నలభయ్యేసి ప్రశ్నలు ఉంటాయి. రాసే విభాగంలో గ్రాఫునో పట్టికనో వర్ణిస్తూ కనీసం 150 మాటలు, ఒక అభిప్రాయం మీద వ్యాసంగా కనీసం 250 మాటలు రాయాలి. రెండో దానికి మొదటిదానికంటే రెండింతల విలువ ఉంది గనుక గ్రాఫు మీద అరగంట గడిపినవాడు అక్కడే నష్టపోతాడు. మాట్లాడే విభాగం 11 నుంచి 14 నిమిషాలు, ఎదుట మనిషితోనే. ఎదుటివారి ముఖం చూస్తే మాట పెగిలేవారికి ఇది అనుకూలం. పరిచయం లేనివారి ముందు గొంతు ఎండిపోయేవారికి ఇదే కష్టం. వినే విభాగంలో అక్షర దోషం ఉంటే ఆ ప్రశ్నకు మార్కు రాదు.

పీటీఈ అకడమిక్ సుమారు రెండు గంటల పరీక్ష, స్కోరు 10 నుంచి 90 వరకు. మైకులో మాట్లాడాలి, మూల్యాంకనం ప్రధానంగా యంత్రానిది. గదిలో మీ పక్కవాళ్లు కూడా అదే సమయంలో పెద్దగా మాట్లాడుతూ ఉంటారు. చుట్టూ చప్పుడుంటే ఏకాగ్రత చెదిరేవారు ఈ ఒక్క విషయాన్ని ముందే ఆలోచించుకోవాలి. ఒక వాక్యం విని తిరిగి చెప్పే ప్రశ్న వినడానికీ మాట్లాడటానికీ, విని రాసే ప్రశ్న వినడానికీ రాయడానికీ మార్కులు తెస్తుంది. అందువల్ల జ్ఞాపకశక్తి, టైపింగు వేగం ఉన్నవారు త్వరగా పైకి వస్తారు. ఒకటి కంటే ఎక్కువ జవాబులు ఎంచుకునే ప్రశ్నల్లో తప్పుకు మార్కు కోత ఉంది. ఫలితం మామూలుగా రెండు రోజుల్లో వస్తుంది. 2025 ఆగస్టులో మాట్లాడే విభాగానికి కొత్త ప్రశ్నలు చేర్చారు కాబట్టి అంతకు ముందు అచ్చయిన పుస్తకం ఒక్కటే చాలదు.

టోఫెల్ ఐబీటీ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి, ఎందుకంటే 2026 జనవరి 21 నుంచి అది దాదాపు కొత్త పరీక్ష. చదివే, వినే విభాగాల్లో మొదటి భాగం మీరు ఎలా చేశారన్నదాన్ని బట్టి రెండో భాగపు కష్టం మారుతుంది. మాట్లాడే విభాగంలో విని తిరిగి చెప్పడం, చిన్న ఇంటర్వ్యూ ప్రశ్నలకు జవాబివ్వడం ఉంటాయి. రాసే విభాగంలో వాక్యం కూర్చడం, ఈమెయిల్ రాయడం, తరగతి చర్చలో అభిప్రాయం రాయడం ఉంటాయి. స్కోరు 1 నుంచి 6 వరకు ఇస్తారు, రెండేళ్లపాటు 120కి లెక్కించిన పాత స్కోరును కూడా పక్కనే చూపిస్తారు. హాస్టల్ గదిలో సీనియరు వదిలి వెళ్లిన లావుపాటి టోఫెల్ పుస్తకం ఇప్పుడు చదివే అలవాటు పెంచడానికే తప్ప నమూనా పరీక్షకు పనికిరాదు.

డ్యుయోలింగో ఇంట్లోనే సుమారు గంటలో ముగుస్తుంది, స్కోరు 10 నుంచి 160 వరకు, రుసుము మిగతావాటిలో సగం కూడా ఉండదు. అమెరికాకు మాత్రమే దరఖాస్తు చేస్తూ, మీ జాబితాలోని ప్రతి విశ్వవిద్యాలయమూ దాన్ని ఒప్పుకుంటే, ఖర్చు చూసుకునేవారికి అది మంచి ఎంపిక. కానీ చూపు తెర మీద నుంచి పదేపదే పక్కకు వెళ్లినా, గదిలోకి మరో మనిషి వచ్చినా ఫలితాన్ని ధ్రువీకరించకపోవచ్చు. మర్రిపాలెంలోనో గాజువాకలోనో రోడ్డు పక్క ఇంట్లో, మధ్యాహ్నం కరెంటు పోయే వేళ, తలుపు తీసి ‘కాఫీ తాగుతావా’ అని అడిగే అమ్మమ్మ ఉన్న ఇంట్లో రాసేవారు ముందుగా ఇంటిల్లిపాదికీ చెప్పి, తలుపు గడియ పెట్టుకుని, ఇన్వర్టరూ ఇంటర్నెటూ సరిచూసుకుని కూర్చోవాలి.

దేశం ఇంకా తేలనివారు, రెండు మూడు దేశాలకు ఒకేసారి దరఖాస్తు చేసేవారు ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ రాయడమే మేలని నా అభిప్రాయం. అది అందరికీ తేలిక కాదు గానీ, చెల్లని చోటు అతి తక్కువ. ఆస్ట్రేలియా ఖాయమైపోయి టైపింగు బాగా వచ్చినవారు పీటీఈ వైపు మొగ్గవచ్చు. బ్రిటన్‌లోనో ఆస్ట్రేలియాలోనో నర్సుగా నమోదు కావాలనుకునేవారు వైద్య వృత్తులకు ఉద్దేశించిన ఓఈటీని కూడా పరిశీలించాలి.

అయిదవ పని: డబ్బు కట్టకముందే కొలుచుకోవడం

మిగిలిన రెండు పరీక్షలకూ నిర్వాహకులే ఇచ్చే ఉచిత నమూనా ప్రశ్నలతో చెరొక పూర్తి పరీక్ష, గడియారం పెట్టుకుని, మధ్యలో లేవకుండా రాయండి. ఫోనులో మీ గొంతు రికార్డు చేసి మరునాడు వినండి. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి మనవాళ్ల నోట ఇంగ్లీషు మాట చివర కూడా ఒక ‘ఉ’ చేరుతుంది, బుక్ అన్నది బుక్కు అవుతుంది. జీబ్రాలో మొదటి ధ్వని ‘జ’ అయిపోతుంది. మనిషి ఎదురుగా ఉంటే ఇవి అర్థానికి అడ్డు రానంతవరకు సర్దుకుపోతాయి గానీ, యంత్రం ఉచ్చారణకు విడిగా మార్కు వేసేటప్పుడు వీటికి విలువ ఉంటుంది. దొరల యాస తెచ్చిపెట్టుకోనక్కరలేదు. మాట చివర హల్లును హల్లుగా ఆపడం, వాక్యాన్ని ఒకే వేగంతో, మధ్యలో ‘ఆఁ’ లేకుండా పూర్తిచేయడం నేర్చుకుంటే చాలు.

నమూనాలో వచ్చిన స్కోరు లక్ష్యానికి అరబ్యాండ్ (ఐఈఎల్‌టీఎస్ స్కోరులో 0.5) దూరంలో ఉంటే సొంతంగా నాలుగైదు వారాలు చదివినా సరిపోతుంది. ఒక బ్యాండ్ గానీ అంతకంటే ఎక్కువ గానీ తేడా ఉంటే రాసినదాన్ని దిద్దిపెట్టే మనిషి కావాలి. కోచింగులో చేరేముందు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: వారానికి నా వ్యాసాలు ఎన్ని దిద్ది, తప్పులు గుర్తించి తిరిగి ఇస్తారు? దీనికి సూటిగా జవాబు రాని చోట ఎంత పెద్ద ఏసీ గది ఉన్నా లాభం లేదు.

ఆరవ పని: మొత్తం స్కోరు వెనక ఉన్న లెక్క

ఐఈఎల్‌టీఎస్‌లో నాలుగు విభాగాల సగటును దగ్గరి అరబ్యాండ్‌కు సవరిస్తారు, సగటు .25తో ముగిస్తే పై అరబ్యాండ్‌కు, .75తో ముగిస్తే పై పూర్తి బ్యాండ్‌కు వెళుతుంది. వినడంలో 7.5, చదవడంలో 7, రాయడంలో 6, మాట్లాడటంలో 6.5 వచ్చిన విద్యార్థిని తీసుకుందాం. మొత్తం 27, సగటు 6.75, పత్రం మీద 7. ఇంట్లో మిఠాయి పంచుతారు. కానీ ఆమె కోర్సుకు ‘మొత్తం 6.5, ఏ విభాగంలోనూ 6.5కు తగ్గకూడదు’ అన్న నియమం ఉంటే, రాతలో వచ్చిన 6 ఒక్కటే దారి మూసేస్తుంది. అదే కోర్సుకు అన్నిట్లోనూ 6.5 తెచ్చుకుని మొత్తం 6.5తో మిగిలిన మరో విద్యార్థికి సీటు దొరుకుతుంది.

మన ప్రాంతపు విద్యార్థుల్లో చాలామందికి వినడం, చదవడం ముందుగా పెరిగి, రాయడం చివరగా పెరుగుతుంది. అందువల్ల సిద్ధపడే కాలంలో కనీసం సగం రాతకే ఇవ్వాలని గట్టిగా చెబుతాను. ఒక విభాగంలోనే తగ్గినవారికి కంప్యూటరు మీద రాసే ఐఈఎల్‌టీఎస్‌లో ఆ ఒక్క విభాగాన్నే 60 రోజుల లోపల తిరిగి రాసుకునే సౌకర్యం ఉంది. అలా వచ్చిన స్కోరును అన్ని సంస్థలూ ఒప్పుకోవు కాబట్టి ముందే ఈమెయిల్ రాసి లిఖితపూర్వకంగా జవాబు తీసుకోవాలి.

ఏడవ పని: గడువు నుంచి వెనక్కి లెక్కించి తేదీ పెట్టుకోవడం

అమెరికాలో ఆగస్టు చేరికలకు మంచి విశ్వవిద్యాలయాల గడువులు డిసెంబరు నడుమ నుంచే మొదలవుతాయి. అంటే మొదటి ప్రయత్నం సెప్టెంబరు నెలాఖరుకు ముగిసిపోవాలి. అవసరమైతే మరోసారి రాయడానికి, స్కోరు చేరడానికి సమయం మిగలాలి. పైగా అక్టోబరు, నవంబరు మన తీరానికి తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊరు రోజుల తరబడి కరెంటు, ఫోను లేకుండా ఉండిపోయిన సంగతి ఇక్కడివారికి గుర్తు చేయనక్కరలేదు. గడువుకు వారం ముందు పరీక్ష పెట్టుకోవడం ఏ విధంగానూ మంచిది కాదు.

నచ్చిన తేదీకి విశాఖలో స్లాట్ దొరక్క విజయవాడకో హైదరాబాదుకో వెళ్లవలసి వస్తే, గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ప్రయాణం చేసి, తెల్లవారి దిగి, అదే పూట పరీక్షకు కూర్చోవద్దు. ఒక రోజు ముందు వెళ్లి కేంద్రం ఎక్కడుందో చూసుకుని నిద్రపోవాలి. ఐఈఎల్‌టీఎస్‌లో మాట్లాడే విభాగం మిగతావాటి రోజునే కాకుండా వేరే రోజున పడే అవకాశం కూడా ఉంది గనుక, టికెట్లు తీసుకునేముందు రెండు తేదీలూ చూసుకోవాలి.

ఐఈఎల్‌టీఎస్, పీటీఈ రుసుములు పదిహేను వేల నుంచి ఇరవై వేల రూపాయల మధ్య ఉంటున్నాయి. తేదీ మార్చుకున్నా, రద్దు చేసుకున్నా కోత పడుతుంది. కోత ఎంతో, ఎన్ని రోజుల ముందు చెప్పాలో డబ్బు కట్టే పేజీలోనే ఉంటుంది, తొందరలో ఎవరూ చదవరు.

ఎనిమిదవ పని: పాస్‌పోర్టు, పేరు

పరీక్ష కేంద్రంలో చూపవలసింది చెల్లుబాటులో ఉన్న పాస్‌పోర్టు. నమోదుకు ఇచ్చిన నంబరే ఆ రోజు చేతిలో ఉండాలి. మధ్యలో కొత్త పాస్‌పోర్టు వస్తే వెంటనే నిర్వాహకులకు తెలియజేయాలి. ఇంకా పాస్‌పోర్టే లేనివారు కోచింగు కంటే ముందు దాని పని చూసుకోవాలి.

పేరు దగ్గర తెలుగువారికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. పదో తరగతి మార్కుల పత్రంలో ఇంటిపేరు ముందు ఉంటుంది, లేదా పొడి అక్షరంగా మిగులుతుంది. పాస్‌పోర్టులో అది సర్‌నేమ్ గడిలో పూర్తిగా ఉంటుంది. కొందరి పాస్‌పోర్టులో ఆ గడి ఖాళీగా ఉండి పేరంతా గివెన్ నేమ్ గడిలోనే ఉంటుంది. పరీక్షకు నమోదు చేసుకునేటప్పుడు బడిలో పిలిచిన పేరు, ఆధార్‌లోని పేరు అన్నీ మరచిపోయి పాస్‌పోర్టులో ఏ గడిలో ఏముందో ఆ గడిలో అదే, ఖాళీలతో సహా దించుకోవాలి. సర్‌నేమ్ లేనివారు నమోదు పేజీలో అలాంటివారికి ఇచ్చిన సూచనను చదివి, విశ్వవిద్యాలయ దరఖాస్తులో కూడా అదే పద్ధతి పాటించాలి. పరీక్ష పత్రం మీద ఒక పేరు, దరఖాస్తు మీద మరో పేరు ఉంటే స్కోరు చేరినా మీ ఫైలులో జతపడక అలాగే ఉండిపోతుంది. ఈ పనిని కన్సల్టెన్సీ కుర్రాడికి అప్పగించినా, చివరి బటన్ నొక్కేముందు మీరే చూడాలి.

తొమ్మిదవ పని: ఫలితం వచ్చాక

స్కోరు పంపే పద్ధతి ఒక్కొక్క పరీక్షకు ఒక్కొక్క తీరుగా ఉంటుంది. పీటీఈ, డ్యుయోలింగో స్కోర్లను ఎన్ని విశ్వవిద్యాలయాలకైనా ఉచితంగా పంపుకోవచ్చు. టోఫెల్‌లో ఉచితంగా పంపే విశ్వవిద్యాలయాల పేర్లను పరీక్షకు ముందే ఎంచుకోవాలి, ఆ తరువాత ఒక్కొక్కదానికి రుసుము ఉంటుంది. మీరు స్కాన్ చేసి ఎక్కించిన పత్రం దరఖాస్తుకు చాలునో, పరీక్ష సంస్థ నుంచి నేరుగా రావాలో విశ్వవిద్యాలయాన్ని బట్టి మారుతుంది.

ఈ నాలుగు పరీక్షల స్కోర్లూ రెండేళ్లపాటు చెల్లుతాయి. కానీ ఆస్ట్రేలియా గ్రాడ్యుయేట్ వీసాకు మాత్రం దరఖాస్తు తేదీకి ముందు ఏడాది లోపల రాసిన ఫలితమే కావాలి కాబట్టి, అక్కడ రెండేళ్ల ఎం.ఎస్. చేసేవారు ఆఖరి సెమిస్టరులో మళ్లీ పరీక్ష రాయడానికి సిద్ధంగా ఉండాలి. మూడో సంవత్సరం ఇంజినీరింగులోనే తొందరపడి రాసినవారి స్కోరు కూడా ఒక ఏడాది ప్రవేశం వాయిదా పడితే కాలం చెల్లే ప్రమాదం ఉంది. చివరి సంవత్సరం మొదలయ్యే ముందు వేసవిలో సిద్ధపడి, జూలై, ఆగస్టు నెలల్లో పరీక్ష రాసేవారికి ప్రవేశమూ వీసా రెండూ ఆ రెండేళ్ల గడువులో ఇమిడిపోతాయి.